పాపాలకు తూనికరాళ్లు

దేవుని దృష్టిలో పాపాలన్నీ సమానమేనన్నది క్రైస్తవ ప్రసంగాల్లో అరిగిపోయిన మాట. ఒక్క ఆజ్ఞలో తప్పినవాడు ధర్మశాస్త్రమంతటి విషయంలోనూ అపరాధేనన్న యాకోబు పత్రిక దీనికి మొదటి ఆధారం. పాపానికి జీతం మరణమన్న రోమా పత్రిక రెండోది. కొండమీది ప్రసంగంలో యేసు కోపాన్ని నరహత్య పక్కన, మోహపు చూపును వ్యభిచారం పక్కన నిలిపాడు కనుక మూడోదీ దొరికిందనుకుంటారు. ఆ పోలిక కోపానికి బరువు పెంచింది, అంతేగాని హత్యను తేలిక చేయలేదు. ఎలాగూ కోపం వచ్చింది కదా, కత్తి దూసినా లెక్క ఒకటేనని ఆ ప్రసంగం విన్నవాళ్లెవరూ అనుకొని ఉండరు.

సువార్తల నిండా తూకాలే. పిలాతు ఎదుట నిలబడి యేసు, తనను అతనికి అప్పగించినవాడిదే ఎక్కువ పాపమంటాడు. యజమాని ఇష్టం తెలిసీ చేయని దాసుడికి ఎక్కువ దెబ్బలు, తెలియనివాడికి తక్కువ. తీర్పునాడు కపెర్నహూముకన్నా సొదొమ గతే మేలట. పుదీనా, జీలకర్రల్లో కూడా పదో వంతు లెక్కగట్టి ఇచ్చి న్యాయాన్ని, కనికరాన్ని గాలికి వదిలిన పరిసయ్యులకు మత్తయి 23లో గట్టిగానే పడ్డాయి. పరిశుద్ధాత్మను దూషించడమైతే క్షమాపణకే అందదు. యోహాను మొదటి పత్రిక మరణకరమైన పాపం వేరు, కానిది వేరు అని నేరుగానే విడదీసింది.

సమానత్వ వాదానికి అసలు పుట్టిల్లు గ్రీకు స్టోయిక్కుల తత్వం. ఓడలో ఉన్నది బంగారమైనా గడ్డయినా ముంచిన చుక్కానివాడి తప్పు ఒకటేనని రోమన్ వక్త సిసిరో ఆ వాదాన్ని వివరించాడు. నాలుగో శతాబ్దపు చివర రోములో జోవినియన్ అనే సన్యాసి ఇలాంటి మాటే అన్నాడని బైబిలు పండితుడు జెరోము అతనిమీద రెండు సంపుటాల నిండా విరుచుకుపడ్డాడు. తిట్లు తీసేస్తే ఆ పుస్తకం చాలా సన్నబడుతుంది. అంతకన్నా మేలైన సమాధానం అగస్టీనుది. 415లో జెరోముకే రాసిన ఉత్తరంలో ఆయన, ఆజ్ఞలన్నీ ప్రేమమీద నిలిచాయి కనుక ఏది మీరినా ప్రేమను మీరినట్టేనని, ఆ ప్రేమ ఎంత కొరవడితే పాపం అంత పెద్దదని తేల్చాడు. యాకోబు వాక్యానికి ఇంతకన్నా చక్కని వ్యాఖ్యానం రాలేదు.

కతోలిక సంఘం ఈ తూకాన్ని శాసనంగా మలచుకుంది. విషయం ఘోరమైనదై ఉండాలి, చేసేవాడికి ఆ సంగతి పూర్తిగా తెలియాలి, ఇష్టపూర్వకంగా చేయాలి. మూడూ కలిస్తేనే మరణకరమైన పాపం, లేకుంటే స్వల్ప పాపం. మరణకరమైన పాపాలను పాపసంకీర్తనంలో ఏ రకానివో, ఎన్నిసార్లో చెప్పాలని 1551లో ట్రెంటు మహాసభ నిర్ణయించింది.

అయితే ఏది ఘోరం? ఇక్కడే సామాన్య భక్తుల అంచనా, పండితుల అంచనా తలకిందులవుతాయి. ఆరో శతాబ్దపు చివర గ్రెగొరీ పోపు గర్వాన్ని పాపాలన్నిటికీ వేరుగా చూపి, తిండియావను, కామాన్ని పట్టిక చివర పెట్టాడు. శరీర పాపాల్లో సిగ్గు ఎక్కువ, ఆత్మ పాపాల్లో దోషం ఎక్కువ అని తోమా అక్వినాసు. డాంటే కావ్యంలోని నరకంలో కాముకులది రెండో వలయం, పైనే. గాలి వాళ్లను ఎగరేసుకుపోతూ ఉంటుంది. వాళ్ల కథ వింటూ కవి సొమ్మసిల్లిపడతాడు కూడా. హంతకులు ఏడో వలయంలో. వాళ్లకూ దిగువన ఎనిమిదోదానిలో లంచగొండులు, దొంగనాణేలవాళ్లు, మలంలో మునిగిన ముఖస్తుతివాళ్లు. పొగడ్తతో పబ్బం గడుపుకునేవాణ్ణి హంతకుడికన్నా కింద పడేసిన ఆ కవికి రాజాస్థానాలు బాగా తెలుసు. అట్టడుగున నిప్పు లేదు, మంచుగడ్డ ఉంది. అందులో నమ్మకద్రోహులు బిగుసుకుపోయి ఉంటారు. యేసును అప్పగించిన యూదాను, సీజరును చంపిన బ్రూటస్, కాసియస్‌లను సైతాను మూడు నోళ్లతో నములుతుంటాడు. ఈ వలయాలు చూశాక, సారా మీద, సినిమా మీద ఉరిమినంతగా కట్నం మీద, కులం మీద ఉరమని తెలుగు ప్రసంగవేదికలు ఏ నరకపటం చూసి మాట్లాడతాయో బోధపడదు.

సమానత్వ వాదాన్ని ప్రొటెస్టెంట్ల ఖాతాలో వేయడం మామూలైంది. అదీ పొరపాటే. ప్రతి పాపానికీ మరణమే తగిన శిక్షని కాల్విన్ అన్నాడు, పాపాలన్నీ ఒకే బరువని మాత్రం అనలేదు. 1647లో లండనులో వెస్ట్‌మినిస్టరు సభ పూర్తిచేసిన పెద్ద ప్రశ్నోత్తరి, పాపాలన్నీ సమానంగా హేయమా అని అడిగి, కావని జవాబిస్తుంది. బరువు పెంచే సంగతులను నాలుగు రకాలుగా విడదీస్తుంది: చేసినవాడెవడు, ఎవరిపట్ల చేశాడు, ఎలాంటి పాపం, ఏ సమయంలో ఏ చోట. మొదటి రకంలో పేర్కొన్నవాళ్లలో వయసు మళ్లినవాళ్లు, పదవిలో ఉన్నవాళ్లు, ఇతరులకు దారిచూపేవాళ్లు ఉన్నారు. ఒకే తప్పు విశ్వాసి చేసినదానికన్నా సంఘకాపరి చేస్తే పెద్దది.