మన కాగితాలున్న డిస్కు, నేను దాచిన మూడు రోజులు

పొడుగు పోస్టు, తీరిక చూసుకుని చదవండి. మీకు ముందే చెప్పాల్సిన సంగతి ఒకటి నేను మూడు రోజులు దాచాను. స్కాన్లు అడిగిన ఇద్దరికి "నెట్ లేదు" అని అబద్ధం కూడా చెప్పాను.

మన గల్లీల భాడా రసీదులు, పాత రేషన్ కార్డులు, లైటు బిల్లులు, గుమాస్తా లైసెన్సుల స్కాన్లన్నీ మా ఇంటి కంప్యూటరుకు తగిలించిన డిస్కులో ఉన్నాయని మీకు తెలుసు. మనోళ్లు కామాఠీలుగా వచ్చి ఈ ఊరు కట్టినందుకే ఈ పేటకు కామాటిపుర అని పేరొచ్చింది. కానీ రీడెవలప్‌మెంట్ లెక్కల్లో ఆ కథ చెల్లదు, ఖోలీ ఎవరిదో రసీదు చెప్పాలి. కొందరి అసలు కాగితాలు వానకు, చెదలకు పోయాయి. వాళ్లకు మిగిలింది ఆ స్కానే.

ఆ శనివారం రాత్రి వంకరగా వచ్చిన స్కాన్లను తిప్పి, అదే పేరు మీద సేవ్ చేస్తూ కూర్చున్నా. వాన జోరుగా ఉంది. లైటు పోయింది. వచ్చాక చూస్తే ఒక గల్లీ ఫోల్డరు తెరుచుకోలేదు. "ఫైలు లేదా డైరెక్టరీ పాడైంది, చదవలేం" అంటోంది. ఇంకో మూలన, డ్రైవులో సమస్య ఉంది, నొక్కితే సరిచేస్తాను అంటోంది.

మా చిన్నోడు "నొక్కెయ్ డాడీ, అదే బాగు చేస్తది" అన్నాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆపాను.

ఎందుకంటే ఒకసారి నొక్కి చూశాను. మా నాయన ఊరి నుంచి బొంబాయి ఎట్లా వచ్చాడో తన నోటితో చెప్తుంటే రికార్డు చేసి పాత డిస్కులో పెట్టాను. అది టక్ టక్ మని చప్పుడు చేస్తుంటే ఎవరో చెప్పారని చెక్‌డిస్క్‌ను స్లాష్ ఆర్‌తో రాత్రంతా నడిపాను. స్లాష్ ఆర్ అంటే డిస్కులో ప్రతి సెక్టారునూ చదివి చూడమని. ప్రాణం పోతున్న డిస్కును మెట్లెక్కించినట్టు. తెల్లారేసరికి కంప్యూటరు దాన్ని గుర్తుపట్టడమే మానేసింది. నాయన లేడు, గొంతూ లేదు.

మన చాల్‌తో పోల్చి చెప్తా. డిస్కులో ఖోలీలుంటాయి, వాటిలో కాగితాలుంటాయి. ఏ కాగితం ఏ ఖోలీలో ఉందో రాసుకునే రిజిస్టరే ఫైల్‌సిస్టం. సామాను మారి రిజిస్టరు మారకముందు లైటు పోతే రెండిటికీ పొంతన ఉండదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఒక కచ్చా వహీ ఉంటుంది, చేయబోయే మార్పును ముందు అందులో రాస్తుంది. అందుకే చాలాసార్లు లైటు పోయినా దానంతటదే సర్దుకుంటుంది. కానీ డిస్కు తన లోపలి తాత్కాలిక మెమరీలో పట్టుకున్నది రాయకముందే ఆరిపోతే ఆ వహీ కూడా తప్పు చెప్తుంది. పైగా ఆ వహీ కాపాడేది రిజిస్టరునే, సగం రాసిన కాగితాన్ని కాదు. పెన్‌డ్రైవుల్లో ఎక్కువగా ఉండే ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ వహీ కూడా లేదు.

చెక్‌డిస్క్ సరిచేసేదీ రిజిస్టరునే. లెక్క కుదరకపోతే పద్దు కొట్టేసి కుదురుస్తుంది. దిక్కులేని ముక్కల్ని "ఫౌండ్" అనే ఫోల్డర్లో పేర్లు తీసేసి పడేస్తుంది. దాని లెక్క సరిపోతుంది, మన కాగితం పోతుంది.

అందుకని ఈసారి డిస్కు మీద ఏమీ రాయకుండా అడగడమే చేశాను. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము డిస్కు ఆరోగ్యం చూపిస్తుంది. అందులో పసుపు రంగు, పెండింగ్ సెక్టార్లు కనిపిస్తే ఇంకేదీ చేయకుండా కాపీ చేయాలి. మనది నీలం రంగులోనే ఉంది, ఊపిరొచ్చింది. తర్వాత కమాండ్ ప్రాంప్టును అడ్మినిస్ట్రేటరుగా తెరిచి చెక్‌డిస్క్ కమాండు, డ్రైవు అక్షరం, కోలన్ మాత్రమే కొట్టాను. స్లాష్‌లేవీ పెట్టకపోతే అది చదువుతుందంతే, దేన్నీ ముట్టదు. తప్పులున్నాయంది. డ్రైవు వాడకంలో ఉన్నప్పుడు లేని తప్పులు కూడా చూపిస్తుంది కాబట్టి అన్నీ మూసి మళ్లీ నడిపాను. మళ్లీ అదే మాట.

లామింగ్టన్ రోడ్డులో రిపేరు పనిచేసే మా మేనల్లుణ్ణి పిలిచాను. "మామా, ఏం నొక్కలే కదా?" అన్నాడు ముందు. లేదంటే నవ్వాడు. లినక్స్ పెట్టి డిస్కు మొత్తాన్ని, ఖాళీ జాగాతో సహా, ఉన్నదున్నట్టు కొత్త డిస్కుకు దించాడు. లినక్స్‌లో ఇలాంటి పరీక్షకు ఎఫ్‌ఎస్‌సీకే అని ఉంది, డ్రైవు మౌంట్ అయి ఉండగా నడిపితే బాగున్నదీ చెడుతుందట. వాడు చెప్పింది మీకూ చెప్తున్నా.

స్లాష్ ఎఫ్ నడిపింది ఆ కాపీ మీదే. ఫౌండ్ ఫోల్డర్లో 41 ముక్కలు తేలాయి. ఒక్కొక్కటీ తెరిచి, మొహం చూసి పేరు పెట్టడానికి రెండు రాత్రులు పట్టింది. 40 దొరికాయి.

ఒకటి సగమే వచ్చింది. లైటు పోయిన క్షణంలో సేవ్ అవుతున్నది అదే. మూడో అంతస్తు పెద్దమ్మది, 1978 భాడా రసీదు. పైన పేరు, ఖోలీ నంబరు, తేదీ కనిపిస్తున్నాయి, కింద సంతకం, ముద్ర ఉండాల్సిన చోట బూడిద రంగు. అదే పేరు మీద సేవ్ చేశాను కాబట్టి పాతదీ లేదు. ఆ తప్పు వానది కాదు, నాది.

పెద్దమ్మ ఇంటికి పోయి చెప్పాను. "అసలుది చెదలు తిన్నది బిడ్డా. నీ దగ్గర ఉన్నదన్నవ్ కదా" అంది. తిట్టలేదు, చాయ్ పెట్టింది. తాగడం నా వల్ల కాలేదు.

సోమవారం ఆమెను తీసుకుని ఖోలీ మాలిక్ మనిషి దగ్గరికి పోతున్నా, పాత కౌంటర్ ఫాయిల్ ఉందేమో అడగడానికి. ఆ సగం రసీదు ప్రింటు తీసి పెట్టుకున్నా. ఆ రోజుల్లో ఆ చాల్‌లోనే ఉన్నవాళ్లెవరి దగ్గరైనా 1978 రసీదు ఉంటే దయచేసి చూపించండి, ముద్ర పోల్చడానికి పనికొస్తుంది.

ఇకపై మూడు కాపీలు. ఒకటి మా ఇంట్లో, ఒకటి సంఘం గదిలో. మూడోది ఈ పేట బయట ఉండాలి. వర్లీలోనో ధారావిలోనో ఉన్న మన సభ్యుల్లో ఎవరు పెట్టుకుంటారో కింద రాయండి. స్కాన్లు ఇచ్చినవాళ్లందరూ ఆదివారం వచ్చి మీ ఫైలు మీరే తెరిచి చూసుకోండి. నేను బాగుందంటే నమ్మకండి.