సముద్రమధ్యంలో ఒక గ్లాసు వేడినీరు

విహారనౌకలో మొదటి రాత్రి గడిపినవారికి ఒక విచిత్రానుభవం కలుగుతుంది. చుట్టూ దిగంతపర్యంతం జలమే. అయినా ఉదయం కన్ను తెరిచేసరికి గొంతు ఎండి ఉంటుంది, పెదవులు బిగుసుకొని ఉంటాయి, కళ్లు మండుతూ ఉంటాయి. ఇంత నీటి నడుమ ఈ శోష ఎక్కడిదన్న సందేహం సహజమే.

కారణం ప్రకృతిధర్మంలోనే ఉన్నది. గాలి ఎంత చల్లబడితే అంత తక్కువ తేమను ధరించగలదు. ఉష్ణప్రాంతాలలో తిరిగే నౌకలోనికి వచ్చే ఉక్కగాలి, ఏసీ యంత్రంలోని శీతల నాళికలను తాకగానే తన తేమను నీటిబొట్లుగా విడిచిపెడుతుంది. ఆ విధంగా ఆరిన గాలియే గదికి చేరుతుంది. అలాస్కా వంటి శీతల జలాలలో మార్గం వేరు, ఫలితం మాత్రం ఒక్కటే. 5 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 7 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే నిలుపుకోగలదు. 22 డిగ్రీల వద్ద 19 గ్రాములకు పైగా నిలుపుకోగలదు. బయట తేమతో నిండి ఉన్న ఆ చల్లగాలినే వేడిచేసి గదిలోనికి పంపినప్పుడు, అది తాను మోయగలిగినదానిలో మూడవ వంతుకు కొంచెం మించి మాత్రమే మోస్తూ ఉంటుంది. ఆ కొరతను అది నిద్రించేవాని గొంతునుండి, చర్మంనుండి తీర్చుకుంటుంది.

ఉపాయాలు సులభమైనవే. ఒక తువ్వాలును తడిపి, పిండి, రాత్రి స్నానపుగదిలో కాక పడకగదిలో ఆరవేస్తే గాలికి కొంత తేమ చేకూరుతుంది. గది ఉష్ణోగ్రతను సర్దుకోవచ్చు. పెదవులకు, చేతులకు కొంచెం కొబ్బరినూనె రాసుకోవచ్చు. అన్నిటికంటె గొంతుకు హితమైనది గోరువెచ్చని నీరు. చిక్కు అక్కడనే ఆరంభమవుతుంది.

అమెరికా రేవులనుండి బయలుదేరే అనేక నౌకలలో ప్రయాణికులు విద్యుత్ కెటిల్ తీసుకొనిపోవడానికి అనుమతి లేదు. ఇస్త్రీపెట్టె, కొవ్వొత్తి, అగరువత్తి కూడ నిషిద్ధాలే. నిత్యపూజ విడువని వారు గదిలో దీపం వెలిగించలేమన్న సంగతి ముందుగానే తెలుసుకొని, మానసపూజకు సిద్ధపడి వెళ్లడం మంచిది. బ్రిటిష్ సంప్రదాయాన్ని పాటించే కునార్డ్ నౌకలలో మాత్రం సంస్థయే గదిలో కెటిల్, తేయాకు ఉంచుతుంది. ఎవరు తెచ్చినదో, ఎలాంటి స్థితిలో ఉన్నదో తెలియని ఉపకరణమే భయకారణం.

ఈ నిషేధాన్ని లోభమని భావించరాదు. 2006 మార్చి 23వ తేదీ తెల్లవారుజామున, కరేబియన్ సముద్రంలో జమైకా వైపు సాగుతున్న ‘స్టార్ ప్రిన్సెస్’ నౌకలో ఒక బాల్కనీలో పుట్టిన అగ్ని వరుసగా అనేక గదులకు వ్యాపించింది. ఒక ప్రయాణికుడు మరణించాడు. ఆర్పకుండా పారవేసిన సిగరెట్టు తునక దానికి కారణమై ఉండవచ్చునని విచారణలో తేలింది. గ్రామంలో ఇల్లు అంటుకుంటే వీధిలోనికి పరుగెత్తవచ్చు. నౌకకు వీధి లేదు.

కోనసీమలో సంస్కృతోపాధ్యాయునిగా పదవీవిరమణ చేసిన ఒక పెద్దాయన, ఆయన ధర్మపత్ని, సియాటిల్‌లోని కుమార్తె, అల్లుడు పట్టుబట్టగా ఏడు రాత్రుల అలాస్కా యాత్రకు నౌక ఎక్కారు. ఆమె సంచిలోని చిన్న కెటిల్‌ను, అగరువత్తులను తనిఖీలో తీసుకొని, యాత్రాంతంలో తిరిగి ఇస్తామని చీటీ ఇచ్చారు. ఆమె ఆ చీటీని మడిచి పర్సులో పెట్టుకున్నది, ఏమీ అనలేదు.

జూన్ మాసంలో జూనో నగర ప్రాంతంలో ఉదయం నాలుగింటికే సూర్యోదయమవుతుంది. ఆ వేళకు మెలకువ వచ్చిన పెద్దాయన చెయ్యి అలవాటుగా మంచం ప్రక్కన గ్లాసుకోసం తడిమింది. గ్లాసు లేదు. చీకటి తెరల ప్రక్కన కుర్చీలో ఆమె అప్పటికే కూర్చొని, దగ్గు వినబడకుండా కొంగు నోటికి అడ్డుపెట్టుకొని ఉన్నది.

“ఏమండీ, ఇక్కడ పొయ్యి లేదు కదా. మీ వేడినీళ్లు ఎలాగ?” అన్నది. ఎండిపోయినది ఆమె గొంతు. అడిగినది ఆయన నీళ్లను గురించి.

“నువ్వు రోజూ ఎన్నింటికి లేస్తావు?” అని ఆయన అడిగాడు.

“మీకంటే అరగంట ముందు.”

వివాహమై నలభై యొక్క సంవత్సరాలు. బ్రాహ్మీముహూర్తంలో లేవడం తన నియమమని ఆయన శిష్యులకు ఎన్నోమార్లు బోధించాడు. ఆ నియమం వెనుక మరొకరి నియమం అరగంట ముందుగా మేల్కొంటున్నదని ఆ తెల్లవారే ఎరిగాడు.

స్టీలు ఫ్లాస్కు పట్టుకొని, పొడవైన నడవా దాటి, రేయింబవళ్లు వేడి పానీయాలు లభించే పై అంతస్తు భోజనశాలకు వెళ్లాడు. ఫ్లాస్కు మూతిని కుళాయికి ఆనించబోగా అక్కడి సేవకుడు సవినయంగా వారించి, ముందు శుభ్రమైన కప్పులో పట్టి, తరువాత ఫ్లాస్కులో పోసి ఇచ్చాడు. నౌకలలో నోరోవైరస్ వంటి అంటువ్యాధులు త్వరగా ప్రబలుతాయి కనుక ఒకరి పాత్ర కుళాయిని తాకరాదు. ఆ వైరస్‌కు చేతికి రాసుకునే శానిటైజర్ చాలదు. సబ్బుతో కడుక్కోవడమే శరణ్యం. మడి, ఎంగిలి తెలిసిన పెద్దాయనకు ఆ ఆచారం క్షణంలో బోధపడింది.

గదికి వచ్చి, చిటికెడు శొంఠిపొడి కలిపి ఆమెకు అందించాడు.

“మీరు తాగారా?”

“ముందు నువ్వు.”

ఇక్కడ సాధకులు విచారించదగిన అంశం ఒకటి ఉన్నది. శీతోష్ణాలను, దుఃఖాలను చింత లేకుండా సహించడం తితిక్ష అని, అది శమాది షట్కసంపత్తిలో ఒకటని వేదాంతం చెబుతుంది. అయితే ఎండిన గొంతుతో మౌనంగా కూర్చోవడమంతా తితిక్ష కాదు. తన బాధను తాను ఎరిగి, స్వేచ్ఛగా సహించడం తితిక్ష. అడిగే అలవాటే లేకపోవడంచేత సహించడం వేరు. ఆ సహనాన్ని చూడకుండా దాని ఫలాన్ని అనుభవించేవాడు తనను విరాగిగా భావించుకోవడం మరీ వేరు.

నౌకలోని ప్రతి సుఖం వెనుక ఎవరో ఒకరు మేల్కొని ఉంటారు. పక్క సర్దేవారు, పానీయం అందించేవారు నెలల తరబడి ఇల్లు విడిచి పనిచేస్తారు. 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక నౌకాసిబ్బందికి 24 గంటలలో కనీసం 10 గంటల విశ్రాంతిని విధించింది. కోనసీమ వంటింటికి అటువంటి ఒడంబడిక ఏదీ లేదు. అక్కడ ఆ లెక్క వేయవలసినవాడు గృహస్థుడే.

మిగిలిన ఆరు ఉదయాలు ఫ్లాస్కు ఆయన చేతనే పైకి వెళ్లి వచ్చింది. యాత్రాంతంలో చీటీ చూపగా కెటిల్, అగరువత్తులు భద్రంగా తిరిగి వచ్చాయి.

మరునాడు సియాటిల్‌లో కుమార్తె ఇంట పెద్దాయన అరగంట ముందుగా లేచి వంటగదిలోనికి వెళ్లాడు. సంచి ఇంకా విప్పలేదు. ఆ ఇంటి పొయ్యి ఎలా వెలిగించాలో ఆయనకు తెలియలేదు. చివరకు వచ్చి ఆమెను లేపి అడిగాడు. ఆమె పడుకొనే వివరంగా చెప్పింది. లేవలేదు.