డాబా మీద ఎండ

మా నల్లగొండ ఎండలను గురించి ఇక్కడివారికి ఒకరు చెప్పనక్కరలేదు. చుట్టూ రాతిగుట్టలు, కింద షాబాదు బండలు, నెత్తిన స్లాబు. ఏప్రిల్ దాటిందంటే రాత్రి పదింటికి కూడా గోడకు వీపు ఆనించలేము. ఇన్నేళ్ళూ ఆ ఎండను తిట్టుకోవడమే గాని దానితో బేరం పెట్టుకోవచ్చునని నాకు తోచలేదు.

బట్టల వ్యాపారికి బేరం తోచకపోవడమేమిటని మా ఆవిడ నవ్వింది లెండి. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. సూర్యఘర్ పథకం ప్రకటించగానే పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. తీరా విచారిస్తే, 78 వేల దాకా వచ్చే ఆ సబ్సిడీ ఇళ్ళకే గాని దుకాణాలకు కాదు. అయినా గడియారం సెంటరు దగ్గరి మా దుకాణానికి వచ్చే కరెంటు బిల్లు తలుచుకుని, లేకపోయినా సరేనన్నాను. 10 కిలోవాట్ల సౌర పలకలు. సుమారు 1000 చదరపు అడుగులు పట్టాయి. రోజుకు 40 యూనిట్లకు అటూ ఇటూగా వస్తుందన్నారు. వచ్చింది కూడా.

దుకాణం కింద. పై అంతస్తులో సగం మా సరుకు గది, తక్కిన సగం ఒక దర్జీకి అద్దెకిచ్చాను. మెట్లగది నీడ పడుతుందని దర్జీ వైపు వదిలేసి, సరుకు గది మీదే పలకలు బిగించారు. స్లాబుకు కన్నాలు పెట్టి బోల్టులు దించుతుంటే చూస్తూ టీ తాగాను. ఆ టీ ఎంత ఖరీదైనదో జూనులో తెలిసింది.

అంతకు ముందే, మేలో ఒకనాడు దర్జీ దిగి వచ్చాడు. బడులు తెరిచేలోగా యూనిఫారాలు కుట్టివ్వాలి. పైన మూడు మిషన్లు ఆడుతున్నాయి. అతని భార్య కాజాలు, గుండీలు కుడుతుంది. ఆమెకు రెండుసార్లు కళ్ళు తిరిగాయట.

"సేటూ, కింద మీకు కరెంటు పైసలు మిగులుతున్నయి. పైన మాకు చెమట మిగులుతున్నది. మీ చీరలకు నీడ పెట్టిన్రు, మరి మాకేది?" అన్నాడు, నవ్వుతూనే.

నిజమే. పలకల నీడ వల్ల సరుకు గది కాస్త చల్లబడింది. మనుషులున్న గదికి మాత్రం నల్లబడిన స్లాబే గతి. అద్దె పుస్తకంలో నెల నెలా అతని పేరు రాసుకుంటున్నాను గాని, ఈ పలకల లెక్కలో అతణ్ణి ఎక్కడా రాసుకోలేదు. ఆ పూట అన్నం సయించలేదు. సిగ్గుపడ్డాను గాని, చెయ్యి జేబులోకి పోలేదు.

జూను మొదటి వానకే బోల్టుల పక్కనుంచి నీళ్ళు దిగి రెండు కట్టల నారాయణపేట చీరలు తడిశాయి. సరిగ్గా ఆ నారాయణపేట నుంచే మా మామగారు వచ్చి ఉన్నారు! ఆయన రిటైరైన లెక్కల పంతులు. పైకెక్కి చూసి, "మా పాలమూరు దిక్కు మట్టి మిద్దెల మీద ఏటా వానలకు ముందు చౌడు పోసేటోళ్ళం. మిద్దె సంగతి చూసినంకనే దాని మీద ఏదన్నా ఎండబోసేది. నువ్వేమో ముందే ఎండబోసినవు" అన్నారు.

మర్నాడు కాగితం తీసి లెక్క వేశారు. పలక మీద పడ్డ ఎండలో అయిదో వంతే కరెంటవుతుంది. తక్కినది చాలా వరకు వేడే. పలక వేడి 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి నూటికి సుమారు 0.4 వంతున కరెంటు తగ్గుతుంది. మండుటెండలో పలక 60 డిగ్రీలకు చేరడం మామూలే. అంటే నూటికి 14 పోయినట్టే. కింద స్లాబు కూడా కుంపటిలా ఉంటే మరీ చేటు. తెల్లని కప్పయితే ఎండను చాలా వరకు తిప్పికొడుతుంది. పలకకూ స్లాబుకూ మధ్య గాలి ఆడితే గదికీ హాయి, పలకకూ కొంత మేలు. 2023 ఏప్రిల్‌లోనే తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చి, కొత్తగా కట్టే వాణిజ్య భవనాలకు చల్లని కప్పు తప్పనిసరి చేసిందనీ, 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర అలాంటి కప్పులు కావాలన్నది లక్ష్యమనీ కూడా ఆయనే చెప్పారు.

"ముందే చెప్పకపోయారా?" అన్నాను.

"అడిగినవా?" అన్నారు.

ఇహ చేసేదేముంది! పలకలన్నీ దింపించాను. కన్నాలు పూడ్పించి, పగుళ్ళు మూయించి, నీళ్ళు నిలవకుండా వాటం సరిచేయించి, దర్జీ వైపుతో సహా డాబా అంతటికీ తెల్ల పెయింటు రెండు పూతలు వేయించాను. ఈసారి కన్నాల జోలికి పోకుండా, బరువైన సిమెంటు దిమ్మెల మీద గాలి ఆడేంత ఎత్తున పలకలు నిలబెట్టారు. దించిన కూలీ, ఎక్కించిన కూలీ రెండూ నా నెత్తినే పడ్డాయి. మొదట బిగించినవాళ్ళు ఫోను ఎత్తితే ఒట్టు.

మరుసటి మే నెలలో మధ్యాహ్నం రెండింటికి చెప్పుల్లేకుండా డాబా ఎక్కాను. కాళ్ళు కాలలేదు గాని, ఆ తెలుపుకు కళ్ళు చెదిరాయి. దుమ్ము పేరుకుంటే తెలుపు పని చేయదు కనుక, పలకలతోబాటు డాబానూ అప్పుడప్పుడు కడగాలి. ఆ పనికి మా ఆవిడ నన్నే నియమించింది.

దిగి వస్తూ దర్జీ గదిలోకి తొంగి చూశాను. మిషన్లు మూడూ ఆడుతున్నాయి. అతని భార్య గుండీ కుడుతూ తలెత్తి, "చల్లబడ్డదని కిరాయి పెంచుతరా, సేటూ?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోగా వెనకనుంచి మా ఆవిడ, "పెంచరు" అంది.