పెరటి గదికి సిగ్నల్

మన ఇళ్లలో రౌటర్ ఎక్కడుండాలో ఇంటివాళ్లు నిర్ణయించరు. కనెక్షన్ ఇవ్వడానికొచ్చిన కుర్రాడు నిర్ణయిస్తాడు. వీధి స్తంభం మీంచి ఫైబర్ వైరు లాక్కొచ్చి, ముందు ఏ కిటికీ దొరికితే అందులోంచి దూర్చి, టీవీ పక్కన రెండు స్క్రూలు బిగించి, ఓటీపీ అడిగి వెళ్లిపోతాడు. ఆనాటి నుంచి గుమ్మం ముందు ఆటో ఆపుకున్నవాడి ఫోన్లో మన సిగ్నల్ నిండుగా ఉంటుంది. పెరటివైపు గదిలో పిల్లవాడి క్లాసు మాత్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది.

అప్పుడు ఎవరో ఒకరు సలహా పడేస్తారు: "పెద్ద యాంటెన్నా పెట్టించండి సార్, రేంజ్ పెరుగుతుంది." ఆన్‌లైన్‌లో చూస్తే రకరకాల కర్రలు. ఒకదాని మీద 9 డీబీఐ (యాంటెన్నా బలానికి, అంటే గెయిన్‌కు కొలత) అని ఉంటుంది, ఇంకోదాని మీద 12. జానెడు పొడవు లేనిదాని మీద 18 అని రాసేసినవాళ్లూ ఉన్నారు, రాయడానికి డబ్బులక్కర్లేదు కదా. అన్ని దిక్కులకూ పంచే కర్ర 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి నిజంగా 12 డీబీఐ ఇవ్వాలంటే దాదాపు మీటరు పొడవైనా ఉండాలి.

సలహా తప్పు కాదు గానీ, సగమే నిజం. యాంటెన్నాకు సొంత కరెంటు లేదు. రౌటర్ ఇచ్చిన శక్తికి అది చిటికెడు కూడా కలపలేదు, ఉన్నదాన్ని వేరేగా పంచుతుంది, అంతే. మామూలు కర్ర చుట్టూ సిగ్నల్ గారె ఆకారంలో ఉంటుంది, కర్ర ఆ చిల్లులో నిలబడ్డట్టు. హై గెయిన్ కర్ర ఆ గారెను అదిమి వెడల్పు చేస్తుంది. పిండి మాత్రం అదే. చుట్టూ ఎంత దూరం పాకితే పైకీ కిందికీ అంత పలచబడుతుంది. రైలుపెట్టెలా వరసగా గదులున్న పాతకాలపు ఇంటికి ఇది పనికొస్తుంది. రౌటర్ కింది హాల్లో ఉండి, సిగ్నల్ కావలసింది సరిగ్గా దాని నెత్తిమీది మేడగదిలో అయితే, డబ్బు పెట్టి కొన్నాక ఉన్న కాస్తా పోవచ్చు.

లెక్క చెప్పుకుంటే, 3 డీబీ పెరిగితే ఆ దిక్కుకు వెళ్లే శక్తి రెట్టింపు. 6 డీబీ పెరిగితే దూరం రెట్టింపు, అదీ ఆరుబయట. ఇంట్లో ఈ లెక్క గోడ దగ్గరే ఆగిపోతుంది. ఇటుక గోడ కొంత మింగుతుంది, ఇనుప కడ్డీలున్న శ్లాబు ఇంకా ఎక్కువ మింగుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ కన్నా 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు గోడలంటే మరీ భయం. ఇక ఇనుప బీరువా, నిలువుటద్దం, నిండిన నీళ్ల ట్యాంకు దారిలో ఉంటే చెప్పక్కర్లేదు.

అయినా యాంటెన్నా పక్షాన ఒక మాట చెప్పాలి. ఆంప్లిఫయర్ పెట్టి రౌటర్ చేత గట్టిగా అరిపిస్తే లాభం ఒకవైపే. ఫోను చిన్న గొంతుతో ఇచ్చే జవాబు దానికి వినిపించాలి కదా! మంచి యాంటెన్నా పంపేటప్పుడు ఎంత సాయం చేస్తుందో, వినేటప్పుడూ అంతే చేస్తుంది. ఆ ఒక్క కారణానికే నేను దాన్ని కొట్టిపారెయ్యను.

దాని అసలు సత్తా ఇంటి బయట తెలుస్తుంది. దూరదర్శన్ రోజుల్లో డాబా మీద అల్యూమినియం కడ్డీల యాంటెన్నాను ఒకరు తిప్పుతుంటే, కిందనుంచి ఇంకొకరు "వచ్చింది... అయ్యో, పోయింది!" అని అరవడం నా వయసువాళ్లకు గుర్తే. అది యాగీ-ఉదా యాంటెన్నా. 1926లో జపాన్‌లోని సెండాయ్‌లో షింటారో ఉదా, హిదెత్సుగు యాగీ తయారుచేసింది. అన్ని దిక్కులూ వదిలేసి ఒక్క దిక్కునే పట్టుకోవడం దాని పద్ధతి. వైఫైకీ అదే సూత్రం పనికొస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే కాబట్టి బారెడు కడ్డీలు వేలెడంత అవుతాయి.

ఇలా ఒక్క దిక్కుకు గురిపెట్టే యాంటెన్నాలతోనే 2007లో వెనిజులాలో ఎర్మన్నో పియెత్రోసెమోలి అనే ఆయన రెండు కొండల మధ్య 382 కిలోమీటర్ల దూరం వైఫై నడిపించాడు. అంత దూరం వెళ్లక్కర్లేదు. మన పశ్చిమ గోదావరిలోనే, భీమవరం చుట్టుపక్కల పల్లెల్ని బైర్రాజు ఫౌండేషన్ వాళ్లు అశ్విని అనే పథకం కింద ఈ దూరపు వైఫైతో కలిపారు. వీడియోలో వైద్యసలహా, పాఠాలు అందించడం దాని ఉద్దేశం. ఇటువంటి ఏర్పాట్లలో పెద్ద ఖర్చు యాంటెన్నాలది కాదు, వాటిని ఎత్తులో నిలబెట్టే స్తంభాలది. ఒకదానికొకటి కనిపిస్తే చాలదు మరి. కిలోమీటరు దూరానికి నడిమధ్యన, ఆ చూపుగీత చుట్టూ అయిదున్నర మీటర్ల మేర సిగ్నల్‌కు చోటు కావాలి, అందులో సగానికి పైగా ఖాళీగా ఉండాలి. కొబ్బరిచెట్ల జిల్లాలో ఇదేమంత చిన్న కోరిక కాదు.

కాబట్టి ఇంటినుంచి పొలంలో మోటారు షెడ్డుకో, చెరువుగట్టు మీద కాపలా గదికో నెట్ కావాలంటే ఎదురెదురుగా గురిపెట్టే రెండు యాంటెన్నాలు నిశ్చింతగా పెట్టుకోండి. రౌటర్ కింద ఉంచి యాంటెన్నాను డాబా ఎక్కించి, మధ్యలో సన్న కేబుల్ మాత్రం వేలాడదీయొద్దు. ఆర్‌జీ-58 రకం కేబుల్ ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకు దాదాపు ఒక డీబీ తినేస్తుంది. పది మీటర్లు దింపితే 9 డీబీఐ కర్ర కొని కేబుల్‌కు నైవేద్యం పెట్టినట్టే. యాంటెన్నా, రేడియో ఒకే పెట్టెలో ఉన్నవి దొరుకుతాయి. వాటిని పైన పెట్టి లాన్ కేబుల్ కిందికి దించితే వంద మీటర్ల దాకా బాధ లేదు. మన దేశపు 2005 నిబంధనల ప్రకారం 2.4 గిగాహెర్ట్జ్‌లో యాంటెన్నా బలం కూడా కలుపుకుని 4 వాట్ల వరకూ లైసెన్సు అక్కర్లేదు. అంతకుమించితే పక్కింటివాళ్ల నెట్ పాడుచేయడం తప్ప ప్రయోజనమూ లేదు.

ఇంట్లోకైతే కొనేముందు రౌటర్ వెనక్కి తిప్పి చూడండి. కర్ర మర తిప్పితే ఊడుతుందా? కనెక్షన్‌తో పాటు ఇచ్చే పెట్టెల్లో చాలావాటికి ఊడదు. ఊడకపోతే ఆ డబ్బుతో ఇరవై మీటర్ల లాన్ కేబుల్ కొని, పెరటి గదిలో ఇంకో చిన్న యాక్సెస్ పాయింట్ పెట్టండి. ఊడినా నా ఓటు దానికే.