ఎవరూ అడగని డిస్కు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాను. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ చించేశాను. ఆ మాటలు మీకు ప్రతి ఆగస్టు 15కీ, జనవరి 26కీ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అందుకని ఒక వీడియో గేమ్ గురించి రాస్తున్నాను. సారు ముందు కోప్పడతారు, తర్వాత అచ్చు వేయిస్తారు. మా బ్యాచ్‌కి ఆయన సంగతి తెలుసు.

2012లో నా బీటెక్ అయిపోయింది. ఉద్యోగం రాలేదు. అమీర్‌పేటలో జావా కోర్సులో చేరి, ఒక చిన్న గదిలో ఐదుగురం ఉండేవాళ్ళం. హాస్టల్లో హాల్లో వరసగా దుప్పట్లు పరుచుకుని పడుకున్న నాకు ఐదుగురంటే ఇరుకే అనిపించలేదు. మా సందు చివర ఒక గేమ్ పార్లర్ ఉండేది. నాలుగు టీవీలు, నాలుగు ప్లేస్టేషన్లు, గంటకి ముప్పై రూపాయలు. వారమంతా టీ డబ్బులు మిగుల్చుకుని ఆదివారం ఒక గంట ఆడటం నా విలాసం.

అందరూ అడిగేవి ఫుట్‌బాల్, కార్ల పందెం, కాల్ ఆఫ్ డ్యూటీ. ఆ డిస్కులన్నీ గీతలు పడిపోయి ఉండేవి. అడుగున ఒకటి మాత్రం కొత్తదిలా మెరుస్తూ కనపడింది. అట్ట మీద సిండికేట్ అని ఉంది.

"దాన్ని ఎవ్వలు అడగరు తమ్మీ. తెచ్చి తప్పు చేసిన. నువ్వు ఆడుతనంటే ఇరవైకే ఇస్త" అన్నాడు పార్లర్ అన్న.

నిజం చెప్పాలంటే ఆ పది రూపాయల కోసమే ఒప్పుకున్నాను.

ఇది తుపాకీ ఆట. తుపాకీ పట్టుకున్న చేతులు మాత్రమే తెర మీద కనపడతాయి, మన మొహం మనకు కనపడదు. కథ 2069లో జరుగుతుంది. అప్పటికి అభివృద్ధి చెందిన దేశాల్లో ప్రభుత్వాల పెత్తనం పోయింది. సిండికేట్లు అనే మహా కంపెనీలు ప్రపంచాన్ని పంచుకున్నాయి. మనిషి తలలో ఒక చిప్పు పెట్టించుకుంటే చాలు, ఇల్లు, వైద్యం, బ్యాంకు, బీమా, చదువు, ఉద్యోగం, వినోదం అన్నీ కంపెనీయే చూసుకుంటుంది. బదులుగా ఆ మనిషి ఏం చేస్తున్నాడో దానికి తెలుస్తుంది, అతన్ని నడిపించే పగ్గమూ దాని చేతిలోనే ఉంటుంది. ఇలాంటి కథలకు సైబర్‌పంక్ అని పేరు. యంత్రాలు ఆకాశాన్నంటుతాయి, కింద బతుకులు మాత్రం మురిక్కాలవ పక్కనే ఉంటాయి.

మనం ఆడే మనిషి పేరు మైల్స్ కైలో. యూరోకార్ప్ అనే కంపెనీకి ఏజెంటు. కంపెనీ పెద్ద జాక్ డెన్హమ్ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయి, ఎవరిని చంపమంటే వాళ్ళని చంపాలి. కైలో తలలో డార్ట్ అనే కొత్తరకం చిప్పు ఉంటుంది. దాంతో ఎదుటివాళ్ళ చిప్పుల్లోకి దూరిపోవచ్చు. ఒకడి చేత గ్రెనేడ్‌తో తనను తానే పేల్చుకునేలా చేయొచ్చు, ఇంకొకడి తుపాకీ వాడి చేతిలోనే చెడిపోయేలా చేయొచ్చు, మరొకణ్ణి మనవైపు తిప్పుకుని వాడివాళ్ళ మీదికే ఉసిగొల్పొచ్చు. పెద్ద శత్రువు చచ్చాక వాడి తలలోని చిప్పును ఒక పరికరంతో లాగేసుకోవాలి. దాంతో మన శక్తి పెరుగుతుంది. మొదటిసారి ఆ పని చేసినప్పుడు కడుపులో తిప్పింది. మూడోసారికి అలవాటైపోయింది. అలవాటవడమే నాకు నచ్చలేదు, కానీ ఆట ఆపలేదు.

బాగుంది కదా, మరి దీన్ని ఎవరూ ఎందుకు అడగరు? ఆ సంగతి నెట్ సెంటర్లో కూర్చుని వెతికాను. జావా నోట్సు దిగుమతి చేసుకోవాల్సిన గంట అది.

గొడవంతా పేరు దగ్గర వచ్చింది. 1993లో ఇంగ్లండులోని బుల్‌ఫ్రాగ్ అనే సంస్థ సిండికేట్ పేరుతోనే ఒక ఆట చేసింది. అందులో తుపాకీ మన చేతిలో ఉండదు. నగరాన్ని పైనుంచి, ఏటవాలుగా చూస్తూ, పొడుగు కోట్లు వేసుకున్న నలుగురు ఏజెంట్లను చదరంగం పావుల్లా నడిపించాలి. గెలిచిన దేశాల మీద పన్ను వేయాలి. పర్స్యుయేడర్‌ట్రాన్ అనే పరికరంతో దారిన పోయేవాళ్ళ మనసు తిప్పేస్తే వాళ్ళు గుంపుగా మన వెనక నడుస్తారు. 1996లో సిండికేట్ వార్స్ అని ఇంకోటి వచ్చింది. ఆ మధ్యలో, 1995లో, బుల్‌ఫ్రాగ్‌ను ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొనేసింది. తర్వాత పదిహేనేళ్ళు ఆ పేరు మూలనపడింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ చివరికి దాన్ని స్వీడన్‌లోని స్టార్‌బ్రీజ్ చేతిలో పెట్టింది. వాళ్ళకి తుపాకీ ఆటల్లో మంచి పేరు. 2004లో రిడిక్, 2007లో ది డార్క్‌నెస్ చేసింది వాళ్ళే. కథ రాయడానికి ఆల్టర్డ్ కార్బన్ నవల రాసిన రిచర్డ్ మోర్గాన్‌ను పిలిచారు. ఇంత చేసి చదరంగాన్ని తుపాకీ ఆటగా మార్చారు.

పాత అభిమానులకు ఒళ్ళు మండింది. వాళ్ళ కోపం నాకు అర్థమైంది. పండగకి పులిహోర చేస్తామని పిలిచి బిర్యానీ పెడితే బిర్యానీ ఎంత బాగున్నా నోట్లో పులుపు వెలితి ఉంటుంది. కొత్తవాళ్ళకేమో ఆ పేరుతో పనే లేదు. వాళ్ళకిది కాల్ ఆఫ్ డ్యూటీ కాని ఇంకో తుపాకీ ఆట. ఆస్ట్రేలియాలోనైతే 2011 డిసెంబరులో హింస మితిమీరిందని అసలు వర్గీకరణే ఇవ్వలేదు, అంటే అమ్మకూడదు. పెద్దలకు మాత్రమే అనే తరగతి అక్కడ ఆటలకు 2013 జనవరిలో గానీ రాలేదు. కత్తిరించి మళ్ళీ పంపడానికి ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఒప్పుకోలేదు.

విమర్శకులు నూటికి డెబ్బైకి అటూ ఇటూ మార్కులు వేశారు. పాసే గానీ డిస్టింక్షన్ కాదు. తుపాకీ పట్టు బాగుందన్నారు, చిప్పుల్లోకి దూరే కిటుకు బాగుందన్నారు. నెట్‌లో నలుగురు కలిసి ఆడే తొమ్మిది మిషన్లను, ఒకరి గాయాలు ఒకరు మాన్పుకుంటూ ముందుకు పోయే పద్ధతిని ఎక్కువమంది మెచ్చుకున్నారు. కథ పలచన అన్నారు, త్వరగా అయిపోతుందన్నారు, తెర మీద వెలుతురు కళ్ళలో కొడుతుందన్నారు. వెలుతురు మాట నూరుపాళ్ళు నిజం. ప్రతి దీపమూ పెళ్ళిపందిట్లో ఫోకస్ లైటే. పార్లర్ అన్న టీవీలో బ్రైట్‌నెస్ తగ్గించుకుని ఆడాను. ఆ మార్కులు తప్పని నేననను, బహుశా నేనూ అన్నే వేసేవాణ్ణి. కానీ నేను చదివిన సమీక్షల్లో ఒక చోటు గురించి ఒక్క వాక్యం రాసి దాటిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను.

ఆ చోటు పేరు డౌన్‌జోన్. కథ సగం దాటాక కైలో న్యూయార్క్‌లో ఆ కిందిపేటకు దిగుతాడు. చిప్పు లేనివాళ్ళు ఉండేది అక్కడ. కొందరు వద్దనుకున్నవాళ్ళు, కొందరికి కంపెనీయే ఇవ్వలేదు. వాళ్ళు ఎవరి లెక్కలోనూ లేరు. పై అంతస్తుల్లో తెల్లటి గోడలు, గాజు, నీళ్ళ ఫౌంటెన్లు చూసిన కళ్ళకి ఆ తుప్పు రేకులూ, చీకటీ ఒక్కసారిగా ఎదురవుతాయి.

తమ్ముళ్ళారా, మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మా ఊళ్ళో బస్సు దిగాక ఊరంతా దాటి, చెరువు కట్ట పక్కన నడిస్తే మా వాడ వస్తుంది. సిమెంటు రోడ్డు ఊరి చివరి ఇంటి దగ్గర ఆగిపోయేది. స్వీడన్‌లో కూర్చుని ఆట తయారుచేసినవాళ్ళకి మా వాడ తెలిసే అవకాశమే లేదు. అయినా మెట్లు దిగుతుంటే దారి తెలిసినట్టే అనిపించింది.

నా అసలు ఫిర్యాదు కూడా అక్కడిదే. ఈ ఆటలో దారిన పోయే అమాయకుణ్ణి కాల్చినా ఏ శిక్షా ఉండదు. మార్కులు తగ్గవు, ఎవరూ ఏమీ అనరు. కంపెనీ దృష్టిలో వాళ్ళకి విలువ లేదని చూపించడానికే అలా పెట్టారని సర్దిచెప్పుకోవచ్చు. నేనూ కొన్నాళ్ళు అలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ ఆట ఆ పేటలో ఎవరి దగ్గరా రెండు నిమిషాలు నిలబడదు. ఒక్కరి ఇంట్లోకి తీసుకెళ్ళదు. కాల్చుకుంటూ పైకి వచ్చేస్తాం. అంత పెద్ద తలుపు తెరిచి లోపలికి తొంగిచూసి మూసేసినట్టుంటుంది.

ఇంకోటి. కైలో ఎలా అనాథ అయ్యాడో తర్వాత తెలుస్తుంది. పసితనంలోనే అతని అమ్మానాన్నలను యూరోకార్పే చంపించి, బిడ్డను ఎత్తుకొచ్చి ఏజెంటుగా పెంచింది. ఆ సంగతి బయటపడినప్పుడు నా గంటలో ఇంకా పావుగంట మిగిలి ఉంది. ఆడకుండానే లేచి వచ్చేశాను. అయిదో తరగతి అయ్యాక మా నాయిన నన్ను హాస్టల్‌కు తెచ్చి, రిజిస్టర్లో వేలిముద్ర వేసి, నా ట్రంకుపెట్టె మంచం కిందికి తోసి, వెనక్కి చూడకుండా గేటు దాటిన రోజు గుర్తొచ్చింది. నన్ను ఎవరూ ఎత్తుకురాలేదు. ఆయనే తెచ్చి అప్పగించాడు. ఆ రెండూ ఒకటి కాదని తెలుసు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2014లో మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. మెడలో కార్డు. అది చూపిస్తేనే తలుపు తెరుచుకుంటుంది, క్యాంటీన్లో అన్నం వస్తుంది, బస్సు ఎక్కనిస్తారు. పనిచేసే చోటికి ఫోన్ తీసుకుపోకూడదు, లాకర్లో పెట్టాలి. 2015 సంక్రాంతి దాటాక ఒకరోజు మా నాయిన చెప్పకుండా వచ్చాడు. స్టీలు డబ్బాలో సకినాలు. గేటు దగ్గర ఏదైనా కార్డు ఉందా అని అడిగారట. ఇంట్లో ఉందన్నాడట. నా ఫోన్‌కి తొమ్మిదిసార్లు చేశాడు, అది లాకర్లో మోగింది. పదకొండు నుంచి రెండింటిదాకా రోడ్డు అవతల చెట్టు కింద కూర్చున్నాడు. గేటు దగ్గరి గార్డు మంచివాడే, నీళ్ళ సీసా ఇచ్చాడట. ఆ రూలు ఆ ఒక్క కంపెనీదే కాదు, అంతటా ఉన్నదే.

నేను పరుగెత్తుకుంటూ వెళ్తే, "ఏమైతది బిడ్డా, నీడకే కూసున్న గద" అన్నాడు. నా మెడలో కార్డు పట్టుకుని, ఫోటో చూసి, "మంచిగ పడ్డవ్" అన్నాడు. ఇద్దరం రోడ్డు మీద మెస్సులో తిన్నాం.

2017లో అమీర్‌పేట వైపు వెళ్తే పార్లర్ అన్న సామాను అమ్ముకుంటున్నాడు. ఒక పాత ప్లేస్టేషన్ కొన్నాను. ఆ డిస్కు మీద ఇప్పటికీ గీత లేదు. "నీకోసమే దాచిన అనుకో" అని ఊరికే ఇచ్చాడు. ఆ లోపల లోకం ఆ ఆటను దాటి వెళ్ళిపోయింది. స్టార్‌బ్రీజ్ 2013లో ఇద్దరు అన్నదమ్ముల కథతో ఒక చిన్న ఆట చేసి అందరి మెప్పూ పొందింది. పాత సిండికేట్ కోసం అలిగినవాళ్ళ కోసం 2015లో శాటిలైట్ రెయిన్ వచ్చింది. సిండికేట్ వార్స్‌లో పనిచేసిన మైక్ డిస్కెట్ అందులో ఉన్నాడు. ఆ అభిమానులకు వాళ్ళ చదరంగం దొరికింది.

ఆ ఏడు దసరాకి అమ్మా నాయినా నా గదికి వచ్చారు. రాత్రి భోంచేశాక డిస్కు పెట్టాను. డౌన్‌జోన్ దగ్గరికి వచ్చేసరికి నాయిన మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు.

"గీళ్ళెవలు బిడ్డా?"

"చిప్పు లేనోళ్ళు నాయినా. కంపెనీ వీళ్ళని లెక్కల పెట్టుకోదు."

కాసేపు చూశాడు. నా తుపాకీ ముందు జనం చేతులు అడ్డం పెట్టుకుని పక్కకు ఒరుగుతున్నారు.

"మరి నువ్వు ఎవల దిక్కు?"

నేను జవాబు చెప్పలేదు. ఆట ఆపాను. ఆయన కూడా మళ్ళీ అడగలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వచ్చే ఆదివారం ఆ లెవెల్ ఒక్కణ్ణే ఆడాను. నా మీద కాల్చేవాళ్ళు పోగా మిగిలిన జనం పక్కకు తప్పుకునేదాకా ఆగి, ఆగి నడిచాను. ఆట దానికేమీ బహుమతి ఇవ్వలేదు. మధ్యలో రెండుసార్లు చచ్చాను కూడా. అంతకుముందు పట్టినదానికి రెట్టింపు టైము పట్టింది.

డిస్కు నా దగ్గరే ఉంది, ప్లేస్టేషన్ కూడా ఇంకా పనిచేస్తుంది, ఒక కంట్రోలర్ మాత్రం మొరాయిస్తోంది. హాస్టల్ దాటి హైదరాబాదులో చదువుకుంటున్న తమ్ముళ్ళెవరైనా ఆదివారం మా ఇంటికి రావచ్చు. రక్తపాతం ఎక్కువ కాబట్టి చిన్నపిల్లలకు కాదు. వచ్చేముందు ఫోన్ చేయండి. నా నంబరు వార్డెన్ సారు దగ్గర ఉంది.

పూర్వ విద్యార్థి, 2006 పదో తరగతి బ్యాచ్