తప్పెవరిదను ప్రశ్నకు ముందు

ఆటస్థలమున పుట్టిన తగవు ఆటస్థలముననే ముగియుట మేలని పెద్దలందురు. గాని కొన్ని తగవులు బాలురతో పాటు గోడ దాటి వసతిగృహమునకు వచ్చును, భోజనపంక్తిలో కూర్చుండును, తుదకు ఉపాధ్యాయుల గదిలోనికిని ప్రవేశించును. ఈ సంవత్సరము మన పాఠశాలలో అట్టి తగవొకటి కలిగినది. దానినిబట్టి మాకు తోచిన సంగతులను విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఈ పత్రికాముఖమున మనవి చేయ దలచితిమి.

క్రిస్మసు సెలవులకు ముందు మన బాలురకును, కడప వైపునుండి వచ్చిన యొక జట్టునకును ఫుట్‌బాల్ పందెము జరిగెను. మన సీమలోని ఆటస్థలములు పచ్చికబయళ్లు కావని యెల్లరెరుగుదురు. వానలు వెనుకబడిన యేట గరుసునేల కాల్చిన యిటుకవలె గట్టిపడును. ఇరుజట్లును చెరియొక గోలుతో సమానముగా నుండగా, ఎత్తుగా కొట్టబడిన బంతి యొకటి నడిమి గీత వైపునకు దిగెను. మన బాలుడొకడును, ఎదుటిజట్టు బాలుడొకడును దానికై యెగిరిరి. బంతి యెవరికిని తగులలేదు. తలయును తలయును తాకిన చప్పుడు గట్టుమీద కూర్చున్న మాకును వినబడెను.

ఇరువురును పడిరి. ఎదుటి బాలుడు నొసలు పట్టుకొని లేచెను. మనవాడు కొంతసేపు లేవలేదు. రెఫరీ ఆటను నిలిపి, ఫ్రీకిక్కు ఎవరికిని ఇయ్యక, బంతిని నేలకు విడిచి మరల ఆట సాగించెను. ఇంతలో మనవాడు ధూళి దులుపుకొని, “నాకేం కాలేదు సార్, ఆడతాను” అనెను. గట్టుమీదివారు చప్పట్లు కొట్టిరి. వ్యాయామోపాధ్యాయులు మాత్రము వానిని గీత వెలుపలికి నడిపించుకొని వచ్చి కూర్చుండబెట్టిరి. వాడు మమ్ము చూచి, “స్కోరెంత సార్?” అని యడిగెను. చెప్పితిమి. రెండు నిమిషములైన పిమ్మట మరల, “స్కోరెంత సార్?” అనెను. మూడవసారియు అదే ప్రశ్న. వానిని మరల ఆటలోనికి పంపలేదు. ఆట ముగియునప్పటికి మనము ఒక గోలు తేడాతో ఓడితిమి.

ఆ వారమంతయు పాఠశాల రెండు పక్షములాయెను. “ఎదుటివాడు తల వంచి పొడిచినాడు, అది నియమవిరుద్ధము” అని యొక పక్షము. “వాని కన్ను బంతిమీదనే యుండెను, ఇద్దరును సమముగా నెగిరిరి” అని మరియొక పక్షము. కొందరు తల్లిదండ్రులు మూడవ పక్షమై, లేచి నిలిచిన బాలుని ఆడనిచ్చియుండినచో గెలిచియుందుము గదా యనిరి. కోపముతో వాదించువారికి నియమపుస్తకము చూపుట ఉపాధ్యాయుని పని గనుక మేము ఫుట్‌బాల్ నియమములను తెచ్చి చదివించితిమి.

వానిలో పండ్రెండవ నియమము తప్పులనుగూర్చి చెప్పును. ఎదుటివానిపైకి ఎగురుటలోగాని, వానిని ఢీకొనుటలోగాని అది మూడు మెట్లు నేర్పరచినది. మొదటిది అజాగ్రత్త: దీనికి ఫ్రీకిక్కు చాలును. రెండవది ఎదుటివానికి కలుగబోవు అపాయమును లెక్కచేయని తెగింపు: దీనికి పసుపు కార్డు. మూడవది మితిమీరిన బలము ప్రయోగించి ఎదుటివాని క్షేమమునకు ముప్పు తెచ్చుట: దీనికి ఎఱ్ఱ కార్డు. వాని మనస్సులో ఏమున్నదని ఈ నియమమడుగదు. వాడు చేసినది ఎట్టిదని యడుగును. ఈ కొలతతో చూచినచో రెఫరీ తీర్పు సరియైనదనియే మా యభిప్రాయము. మోచేయి లేవలేదు, ఆలస్యముగా వచ్చి పడినవాడెవడును లేడు, బంతి ఇద్దరికిని సమదూరముననే యుండెను.

అంతటితో వివాదము తీరవలసినది. కాని శనివారము జరిగిన సాహిత్య సంఘ సభలో అది మరల లేచెను. అమెరికాలో ఉద్యోగము చేయుచు సెలవులకు వచ్చిన మన పూర్వవిద్యార్థి యొకరు ఆనాడు సభకు వచ్చియుండిరి. ఆయన చెప్పినదేమనగా, ఆ దేశమున ఫుట్‌బాల్ అనబడు ఆట వేరు. బంతిని చేతబట్టి పరుగెత్తుదురు. ఎదుటివారు మీదపడి పడగొట్టుదురు. అందరును తలకు హెల్మెట్టు ధరింతురు. అచట మన తగవువంటి తగవు ఆటకాలములో ప్రతివారమును కలుగుచుండును. హెల్మెట్టునకు హెల్మెట్టు తగిలినదా, భుజము ముందు తగిలినదా యని చిత్రమును మెల్లగా నడిపించి చూచి లోకమంతయు వాదించునట. ఆయన మాటలు విని మేము ఆ హెల్మెట్టు చరిత్రను బాలురకు విప్పి చెప్పితిమి.

పూర్వము ఆ ఆటగాండ్రు తోలుటోపీలు ధరించెడివారు. 1939లో రిడెల్ అను సంస్థ ప్లాస్టిక్ హెల్మెట్టును తెచ్చెను. 1943లో అచటి వృత్తిక్రీడాసంఘమైన నేషనల్ ఫుట్‌బాల్ లీగు హెల్మెట్టును తప్పనిసరి చేసెను. తలపుఱ్ఱెను కాపాడుటకై వచ్చిన ఆ వస్తువు క్రమముగా ఆయుధమాయెను. తల గట్టిగా కప్పబడినదను ధైర్యముతో ఆటగాండ్రు తలనే ముందుకు చాచి ఢీకొనసాగిరి. మెడలు విరిగి కాలుచేతులు పడిపోయిన యువకులను చూచిన పిమ్మట, 1976లో విద్యాలయముల ఆటలలో అట్లు తలతో పొడుచుట నిషేధింపబడెను. పిదప అట్టి ఘోరమైన మెడగాయములు చాల తగ్గెను.

వృత్తిక్రీడలో 1978 ఆగస్టు 12న జరిగిన సంగతి వినదగినది. డారిల్ స్టింగ్లీ అను ఇరువదియారేండ్ల ఆటగాడు ఓక్లండ్ నగరమున నొక సన్నాహపు పందెములో బంతికై యెగిరి ముందునకు వాలెను. జాక్ టాటమ్ అను ఎదుటిజట్టువాడు వానిని ఢీకొనెను. స్టింగ్లీ మెడయెముక విరిగి, 2007లో మరణించువరకు చక్రముల కుర్చీకే పరిమితుడాయెను. ఆనాడు టాటమ్‌కు ఏ శిక్షయు విధింపబడలేదు. నాటి నియమముల ప్రకారము అందులో తప్పులేదు. తరువాతి కాలమున నియమములే మారెను. 2013 నుండి అచటి కళాశాలల ఆటలో ఎదుటివాని తలను గురిచేసి కొట్టినవానిని పందెమునుండి వెడలగొట్టుచున్నారు. 2018లో నేషనల్ ఫుట్‌బాల్ లీగు, తల దించి హెల్మెట్టుతో ముందుగా తాకుటయే తప్పని శాసించెను. నాటి నిర్దోషమైన దెబ్బ నేటి దోషము కావచ్చును. దెబ్బ తిన్నవాని మెడకు మాత్రము నాటికిని నేటికిని భేదము లేదు.

ఒక బాలుడు లేచి, “హెల్మెట్టు గట్టిది చేసినచో తీరదా?” యని యడిగెను. మంచి ప్రశ్నయే. ముంతనిండ పెరుగు పోసి మూత బిగించి, ముంతకు గుడ్డ చుట్టి గట్టిగా కుదుపుడు. ముంత పగులదు; లోపలి పెరుగు విరుగును. తలపుఱ్ఱెలోని మెదడు సంగతియు కొంతవరకట్టిదే. హెల్మెట్టు ఎముకను చాలవరకు కాపాడును. లోపలి మెదడు కదలకుండ ఆపజాలదు. మన పల్లెలలో పొట్టేళ్లు ఢీకొనుట మీరు చూచియుందురు. దేవుడు వానికి అందులకై కొమ్ములును, దట్టమైన పుఱ్ఱెయును ఇచ్చెను. అయినను 2022లో ప్రచురింపబడిన యొక పరిశోధనలో, తలలతో ఢీకొను స్వభావముగల కొండగొఱ్ఱెల మెదడులలోను, మస్క్ ఆక్స్ అను శీతలదేశపు జంతువుల మెదడులలోను గాయపు చిహ్నములు కనబడినవి. పొట్టేలి జాతికే తప్పనిది పదవ తరగతి బాలునికి తప్పునా?

అమెరికాలో మైక్ వెబ్‌స్టర్ అను ప్రసిద్ధ ఆటగాడు మతిస్థిమితము చెడి, 2002లో ఏబదవ యేట మరణించెను. నైజీరియాలో జన్మించిన బెనెట్ ఒమాలు అను వైద్యుడు వాని మెదడును పరీక్షించి, పలుమారు తగిలిన దెబ్బలవలన కలుగు వ్యాధిని గుర్తించి, 2005లో ప్రకటించెను. ఆ దెబ్బలలో ఎన్ని నియమబద్ధములో, ఎన్ని నియమవిరుద్ధములో వాని మెదడు లెక్క వ్రాసికొనలేదు.

మనము ఆడు ఫుట్‌బాల్‌లోను ఇట్టివి లేకపోలేదు. 2020 నవంబరు 29న లండనులో డేవిడ్ లూయిజ్, రౌల్ హిమెనెస్ అను ఇరువురు బంతికై యెగిరి తలలు తాకించుకొనిరి. అందులో తప్పు ఎవరిదియు కాదు. అయినను హిమెనెస్ తలపుఱ్ఱె చిట్లి, ఎన్నో నెలలు ఆటకు దూరమాయెను. లూయిజ్ తలకు కట్టుకట్టుకొని విరామము వరకు ఆడుట చూచి, అట్లు ఆడనియ్యవచ్చునా యని చాలమంది ప్రశ్నించిరి. మెదడు అదిరినట్టు తోచిన ఆటగానికి బదులు, మామూలు లెక్కలో చేరకుండ వేరొకని దింపు పద్ధతి 2021లో పరీక్షకై మొదలై, 2024లో నియమావళిలో చేరినది.

ఇచట మాకొక చిక్కు కలదు. తెలుగునాట ఫుట్‌బాల్ మాట వచ్చినప్పుడు హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం గారిని తలపకుండుట తగదు. ఆయనయు బడిలో పాఠములు చెప్పినవారే. ఆయన తీర్చిదిద్దిన భారతజట్టు 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమును పొందెను. జకార్తాలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. రహీం గారు రక్షణవరుసలోని ఆయనను ముందువరుసకు మార్చి ఆడించగా, దక్షిణ కొరియాతో జరిగిన కడపటి పందెమున ఆయన గోలు చేసెను. మనము 2-1తో గెలిచితిమి. ఈ కథను ఏండ్ల తరబడి బాలురకు చెప్పుచున్నాము, ఇకముందును చెప్పుదుము. అయితే దానితో పాటు మరియొక మాట చేర్చవలెను. మెదడు సంగతి లోకమునకు ఇంతగా తెలియని కాలమున వారు దేశముకొరకు చేసినది ధైర్యమే. తెలిసిన మనము దానినే బాలురకు విధిగా చేసినచో ధైర్యమనిపించుకొనదు. వీరుని గౌరవించుట వేరు. వాని గాయమును అనుకరింపుమనుట వేరు.

మన బాలునికి పెద్దాసుపత్రిలో స్కాను తీసి, ఎముకకుగాని, లోపల రక్తస్రావముగాని ఏమియు లేదనిరి. అది విని, “అయితే ఆడించియుండవలసినదే” యని కొందరనిరి. మెదడు అదురుట సాధారణముగా స్కానులో కనబడదని వైద్యులు మాకు చెప్పిరి. పది దినములు వానికి అక్షరములు అలికినట్లుండెను. వెలుతురు కంటికి గుచ్చుకొనెను. తెల్లవారి వల్లించిన పద్యము సాయంకాలమునకు నిలువలేదు. పత్తికొండ వైపు పల్లెనుండి వాని తల్లి వచ్చి, వసతిగృహపు బండలమీద మా యెదుట కూర్చుండెను. ఎదుటి బాలుని తప్పులేదని మేము వివరింపబోగా ఆమె అడ్డుతగిలి, “తప్పు ఎవురిదైతే నాకేమి అయ్యవారూ! నా కొడుకు మళ్లా చదువుకుంటాడా, అది చెప్పండి” అనెను. నియమపుస్తకములో ఆ ప్రశ్నకు జవాబు లేదు. మూడువారములకు వాడు మునుపటివలె చదువసాగెను. ఆనాడు రెండవ దెబ్బ తగిలియుండినచో ఏమయ్యెడిదో చెప్పగలవారెవరును లేరు. మానని మెదడుకు మరల దెబ్బ తగులుట, ముఖ్యముగా చిన్నవారికి, ప్రాణాపాయము కావచ్చునని వైద్యులు హెచ్చరించుచున్నారు.

సాహిత్య సంఘమున చేతులెత్తించగా, నియమవిరుద్ధము కాదను పక్షము కొంచెము అధికమాయెను. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తుదకు లేచి, “తీర్పు రెఫరీది, రేపు పాఠము చదువవలసిన తల వానిది” అని కూర్చుండెను. ఆ మాట తరువాత సభలో చాలసేపు ఎవరును మాటలాడలేదు. నియమములను చక్కగా నేర్వుడు; న్యాయముగా వాదింపుడు; తప్పు చేయనివానిని దోషి యనకుడు. ఆ కడప బాలుడును మన బాలుని క్షేమము నడుగుచు వ్యాయామోపాధ్యాయులకు రెండుమార్లు ఫోను చేసెను. వానిని పొడిచినవాడని పిలుచుట తగదు. కాని తప్పెవరిదని యడుగుటకు ముందు, తల యెట్లున్నదని యడుగవలెను.

ఇకమీదట మన పాఠశాలలో తలకు దెబ్బ తగిలి అయోమయము తోచిన బాలుడుగాని బాలికగాని ఆ దినము మరల ఆడరాదు. మొదటి ఒకటి రెండు దినములు విశ్రాంతి. పిమ్మట నడక, తేలిక పరుగు, ఒంటరిగా బంతి సాధన. వైద్యుని అనుమతి పిదపనే పందెము. వాంతులు, హెచ్చుచుండు తలనొప్పి, మత్తునిద్ర, ఫిట్లు, కాలుసేతుల బలహీనత కనబడినచో తడవు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను.

విద్యార్థులారా, ఇందులో మీ పని యొకటి కలదు. కాలు విరిగినవాడు తన కాలినిగూర్చి తాను చెప్పగలడు. తల అదిరినవాడు తన తలకు తాను సాక్షి కాజాలడు. ఏమియు కాలేదని వాడు నిజముగానే నమ్మి చెప్పును. వాని ప్రక్క నిలిచిన మీకే తెలియును. మీ జట్టువాడు అడిగినదే మరల అడిగినచో, తన గోలు ఏ వైపుననున్నదో మరచినచో, స్కోరెంతయైనను చూడక, గట్టుమీది కేకలు వినక, చేయి యెత్తి రెఫరీని పిలువుడు.