కంప్యూటరు గదిలో దంచిన బియ్యం

విద్యాదానం సర్వదానాలలోకి శ్రేష్ఠమని పెద్దలంటారు. ఆ దానాన్ని ఏ రూపంలో అందించాలన్న ప్రశ్న కూడా అల్పమైనది కాదు. ఆకలిగొన్నవానికి వడ్లు కొలిచి ఇచ్చి, రోలూ రోకలీ నీవే వెతుక్కొమ్మంటే ఆ దానం వాని కడుపు చేరేసరికి పొద్దు వాలిపోతుంది. కళాశాల ప్రయోగశాలలో పైథాన్ బోధిస్తున్న మాకు ఈ సత్యం అనుభవపూర్వకంగా తెలిసివచ్చింది.

పైథాన్ 1991లో గీడో వాన్ రోసమ్ లోకానికి అందించిన భాష. నేర్వడానికి సులభమైనది. అయితే శాస్త్ర విద్యార్థులకు కావలసిన నంపై, సైపై వంటి ప్యాకేజీలు పైకి పైథాన్‌గా కనిపించినా, వాటి అంతర్భాగంలో సి, ఫోర్ట్రాన్ భాషల శ్రమ దాగి ఉన్నది. ఫోర్ట్రాన్ 1957లో ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బ్యాకస్ బృందం వెలువరించినది. సమీకరణాల సాధనకు ఆధారమైన లాపాక్ 1992 నాటిది. ఆ మూలరచనను యంత్రభాషలోకి మార్చడానికి కంపైలరు అవసరం. సాధారణమైన విండోస్ కంప్యూటరులో అది ముందుగా అమర్చి ఉండదు.

మా విద్యార్థులలో ఉర్దూ మాధ్యమం నుండి, తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారు అనేకులు. ఒకనాడు తరగతిలో ఒక ప్యాకేజీకి మా యంత్రాలలోని పైథాన్‌కు తగిన సిద్ధరూపం లభించక, మూలరచన నుండే నిర్మాణం ఆరంభమైంది. తెర నిండా ఎర్రని అక్షరాలు పరచుకొన్నాయి. రెండు గంటలు గడిచాయి. అప్పుడొక విద్యార్థిని మెల్లగా, "సార్, ఈ చదువు మావంటివాళ్ల కోసం కాదేమో" అన్నది. ఆమె అప్పటికి ఒక్క పంక్తి ప్రోగ్రాము కూడా వ్రాయలేదు. పాఠం మొదలుకాకముందే ఆమె తన్ను తాను ఓడినదానిగా ఎంచుకొన్నది. ఆ మాట మమ్ము ఎంతగానో కలచివేసింది.

ఈ కష్టాన్ని ముందే గుర్తించి తీర్చినవారు లేకపోలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ ప్రాంగణంలో క్రిస్టఫ్ గోల్కే అనే శాస్త్రజ్ఞుడు వందలాది ప్యాకేజీలను విండోస్ కొరకు తానే కంపైల్ చేసి, 2022 వరకు ఏళ్ల తరబడి ఉచితంగా అందజేశాడు. 2012లో ప్రతిపాదించబడిన 'వీల్' అనే సిద్ధరూపం తన పేరులోనే ఏ పైథాన్‌కు, ఏ యంత్రానికి సరిపోతుందో చెబుతుంది. లినక్సులోని నానావిధాలకూ ఒకే వీల్ చెల్లేలా 2016లో ఒక కట్టుబాటు ఏర్పడింది. సైపై 1.0 సంచిక 2017లో విండోస్ వీల్స్‌తో సహా వెలువడింది.

బియ్యం ఒక్కటే ఉంటే భోజనం కాదు గదా! ప్రతి ప్యాకేజీ మరికొన్నింటిపై ఆధారపడి ఉంటుంది. నంపై వీల్ తనకు కావలసిన ఓపెన్‌బ్లాస్‌ను తన కడుపులోనే దాచుకొని వస్తుంది. 2012లో మొదలైన కొండా పద్ధతిలో అదే ఓపెన్‌బ్లాస్ వేరొక ప్యాకేజీగా, సంచిక సంఖ్యతో సహా, వెంట వస్తుంది. ఈ పొత్తు చెడితే ఏమవుతుందో 2024లో నంపై 2.0 వెలువడినప్పుడు లోకం చూచింది. పాత నంపైకి అనుగుణంగా కంపైల్ చేసిన ప్యాకేజీలు కొత్తదానితో పనిచేయక మొరాయించాయి. వాటికి కొత్త నిర్మాణాలు వచ్చేవరకు నంపైని 2.0 కంటె ముందరి సంచికలోనే నిలిపి ఉంచవలసివచ్చింది. ఎవరిపై ఎవరు ఆధారపడి ఉన్నారో స్పష్టంగా వ్రాసిపెట్టుకొనడం ఎంత అవసరమో దీనివలన విదితమవుతున్నది.

ఇప్పుడు మా ప్రయోగశాలలో ఒక చిన్న ఏర్పాటు చేసుకొన్నాము. అంతర్జాలం గల ఒక యంత్రంలో పిప్ సహాయంతో కావలసిన ప్యాకేజీలను, వాటి ఆధారాలతో సహా, వీల్స్ రూపంలో దింపి ఒకచోట భద్రపరుస్తున్నాము. అన్ని యంత్రాలలోనూ ఒకే విండోస్, ఒకే పైథాన్ ఉన్నందున, తక్కినవి అంతర్జాలం లేకుండానే ఆ నిల్వనుండి అమర్చుకొంటున్నాయి. సంచికల పట్టిక గోడకు అంటించి ఉన్నది. ఇంట్లో కంప్యూటరు ఉన్నవారు పెన్‌డ్రైవులో తీసుకొనిపోతున్నారు. తరగతి మొదటి పావుగంటలోనే ప్రోగ్రాము నడుస్తున్నది.

అన్నీ సిద్ధంచేసి ఇస్తే విద్యార్థులు సోమరులవుతారని కొందరు మిత్రుల అభ్యంతరం. కంపైల్ చేసే విద్య తప్పక నేర్పవలసినదే. అయితే అది మొదటి పాఠం కాదు. అన్నం రుచి ఎరిగినవాడే వడ్ల విలువను ఎరుగుతాడు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. కొత్త యంత్రాలతోపాటు ఈ నిల్వను ఏటేటా సరిచూడడానికి కొంత వ్యవధిని కూడా కేటాయించవలెను. విద్యార్థి మిత్రులారా! ఎవరో ముఖమెరుగని మనుషులు దంచిన బియ్యంతో మీ చదువు సాగుతున్నది. మీలో ఒక్కరైనా రేపు రోకలి పట్టి, మీ తరువాత వచ్చేవారి కొరకు దంచిపెట్టిననాడు ఆ ఋణం తీరినట్లే.